ఆగయ్య చెవులు

మిల్లులో సాంచాలు నడిచిన రోజుల్లో ఆ చప్పుడుకు తాపీ నదిలో చేపలు చెవులు మూసుకునేవి. చేపలకు చెవులెక్కడివి అంటారా? అదే చెబుతున్నాను, అప్పుడే పోయాయి. సాంచా అంటే మరమగ్గం. మూడు వందల సాంచాల నడుమ ముప్పై ఎనిమిదేళ్లు నేసిన ఆగయ్య చెవులూ ఆ చేపల దారినే పోయాయి.

మీసాలు రాకముందే సిరిసిల్ల నుంచి వచ్చాడు. షెడ్డులో మాటలన్నీ చేతి సైగలు, పెదవుల కదలికలే. అరికాళ్ల కింద నేల అదిరే తీరు మారగానే, వెనక్కి తిరక్కుండానే ఏ సాంచా ఆగిందో చెప్పేవాడు.

మిల్లు మూతపడింది. నూరేళ్ల గోడలు బలంగా ఉన్నాయని ఒక బిల్డరు కొని, కింద దుకాణాలు, పైన అద్దె ఫ్లాట్లు కట్టాడు. పొగగొట్టానికి రంగు దీపాలు చుట్టాడు. వాచ్‌మన్ పనికి జీతంతో పాటు మెట్ల కింద గది ఇస్తామన్నారు. నవాగామ్‌లో ఇంటి యజమాని ఆగయ్య సామాను గుమ్మం బయట పెట్టిన వారం అది. ఈ గది రాకపోతే ఆయనకూ భార్య పోశమ్మకూ తలదాచుకునే చోటు లేదు.

అప్పుడు వాళ్ల పక్కింటి కుర్రాణ్ని, నేను దిగాను. నా తెలివికి తట్టుకోలేక తొమ్మిదో తరగతిలో బడి నన్ను వదిలేసింది గానీ, నాలుక నాతోనే ఉంది.

“సాబ్, మూడో అంతస్తుల చీమ తుమ్మితే ఈ తాత కిందికెల్లి జలుబు మందు పంపుతడు,” అన్నాను.

మేనేజరు ఆయన వెనక నిలబడి పేరడిగాడు. ఎదురుగా నిలబడి నేను అదే ప్రశ్నకు పెదవులు కదిపాను. “ఆగయ్య,” అన్నాడు తాత. గది దొరికింది.

బయటికి వచ్చాక, “అబద్ధమెందుకురా శివకృష్ణా?” అన్నాడు.

“అబద్ధం గాదు తాతా, జర ఎక్కువ నిజం.”

నాలుగు నెలలు బాగానే గడిచాయి. నేను కింద మొబైల్ దుకాణంలో పనిచేస్తూ, ఎవరైనా పిలిస్తే వెళ్లి ఆయన భుజం తట్టేవాణ్ని. ఒక మధ్యాహ్నం సరుకు తేవడానికి బయటికి పోయాను. అప్పుడే లిఫ్టు ఆగిపోయింది. లోపల ఏడో నెల కడుపుతో సంధ్య. హజీరా ఫ్యాక్టరీలో పనిచేసే తెలుగు ఇంజినీరు భార్య. అలారం మోగించింది, అరిచింది, తలుపు బాదింది. లిఫ్టు తలుపు అద్దంలోంచి కుర్చీలో కూర్చున్న ఆగయ్య వీపు కనబడుతూనే ఉంది. ఆ వీపు కదల్లేదు. కొత్తగా పరిచిన పాలరాయి ఆయన కాళ్లకు ఏమీ చెప్పలేదు.

నేను వచ్చేసరికి ఆమెను బయటికి తీశారు. మేనేజరూ అక్కడే ఉన్నాడు. నా దగ్గర కథ సిద్ధంగా ఉంది.

“సాబ్, తాతకు ఎండదెబ్బ తగిలి సోయి తప్పింది. కూసున్నట్టు కనవడ్డడు గానీ…”

ఆగయ్య నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

“అంతసేపు పిలిచాను,” అంది సంధ్య. “ఎందుకు తిరగలేదు తాతగారూ?”

ఆయన ఆమె పెదవులనే చూశాడు. “ఇనరాలే బిడ్డా. నాకు చెవులు లెవ్వు. గది కోసం దాసిపెట్టిన. తప్పు నాదే.”

అదే మాట మేనేజరుకు హిందీలో చెప్పాడు. నా పేరు ఎక్కడా రానివ్వలేదు. తెల్లారేసరికి గది ఖాళీ చేయమన్నారు.

మెట్ల దగ్గర ఆగిపోయాడు ఆగయ్య. లోపల పోశమ్మ బియ్యం కడుగుతోంది.

“నువ్వే జెప్పు బిడ్డా. నేను జెప్తే ఏడుస్తది. ఆమె ఏడుపు నాకు ఇనరాదు. పక్కన ఇనేటోడు ఒకడుండాలె.”

లోపలికి వెళ్లాను.

“ఏందిరా గట్ల నిలవడ్డవ్? తింటవా?” అంటూ పోశమ్మ ఇంకో గుప్పెడు బియ్యం పోసింది.

తింటానన్నాను. ఎసరు మరిగాక ఆమె పక్కన కూర్చుని, ఈసారి ఉన్నంత నిజమే చెప్పాను.