సైకిల్ కోసం చెప్పించుకున్న చాడీలు

మా అనంతపురం వైపు ఒక మనిషి పరువు పోవాలంటే ఊళ్ళో పగవాడైనా ఉండాలి, దగ్గరి చుట్టమైనా ఉండాలి. నాకు ఆ ఇద్దరి అవసరమూ రాలేదు. నా పరువును నేనే, దగ్గరుండి, పనిలో దిగినవాళ్ళకు టీలు పోయించి మరీ తీయించుకున్నాను. అది కూడా పెళ్ళి సంబంధం కుదిరేలా ఉన్న వారంలో. ఎందుకంటారా? ఒక పాత సైకిల్ కోసం.

నాకు పాత రేసు సైకిళ్ళ పిచ్చి. పాలక్యాన్లు తగిలించుకుని తిరిగే నల్ల సైకిళ్ళు కావు. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, వేలంత సన్నటి టైర్లు, కూర్చున్నవాడికి నడుం నొప్పి ఖాయం చేసే తోలు సీటు. ఎప్పుడో ఓడల్లో ఇంగ్లండు నుంచి దిగినవి. అలాంటివి ఏ పశువుల కొట్టంలోనో తుప్పు పట్టి పడి ఉంటే వాసన పట్టి వెళ్ళాలి, బతిమాలి తెచ్చుకోవాలి. ఒక్కో మరా విప్పి కిరసనాయిల్లో నానబెట్టాలి. విరిగిన భాగానికి కొత్తది తగిలించకూడదు. ఆ కాలపు భాగమే దొరికేదాకా తపస్సు చేయాలి. ఇదంతా అయ్యాక దాన్ని తొక్కుతామా అంటే అదీ లేదు. అరిగిపోతుందని భయం.

ఈ పిచ్చి పట్టినవాడికి ఇంకో పిచ్చి ఉచితంగా వస్తుంది. అదే అనుమానం. అసలే మా జిల్లావాళ్ళం మబ్బును చూసి కూడా వానను నమ్మం. నమ్మి విత్తనాలు చల్లి చాలాసార్లు మోసపోయాం. అలాంటి గడ్డ మీద పుట్టి, పైగా పాత సైకిళ్ళు సేకరించేవాడు ఎలా ఉంటాడో మీరే ఊహించుకోండి. ఆ రోజుల్లో నేను నా సైకిల్ వైపు చూసిన పిల్లిని కూడా ఎవరు పంపారా అని ఆలోచించేవాణ్ణి.

అలా ఉండగా కణేకల్ దగ్గర ఒక రైతు కొట్టంలో, కోళ్ళు ఎక్కి నిద్రపోయే దండెంగా వాడుకుంటున్న సైకిల్ ఒకటి నా కంటబడింది. దాని రంగు మీకు చెప్పను. కంపెనీ పేరు అసలే చెప్పను. మీరు మంచివాళ్ళే కావచ్చు. కోళ్ళు దాని మీద ఎన్నేళ్ళుగా చేసిన సేవను గీకేసరికి నాకు గోళ్ళు అరిగిపోయాయి గానీ, కింద ఉన్నది మాత్రం అపురూపం. ఒక్క భాగం కూడా మార్చలేదు.

పట్టలేని సంతోషంలో సైకిల్ సగమే కనబడేలా ఫోటో తీసి మా సైకిళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మెచ్చుకోళ్ళ మధ్య బెంగళూరు సభ్యుడొకాయన ఒక హెచ్చరిక పెట్టాడు. 'జాగ్రత్త. ఇలాంటివి ఎత్తుకుపోయేవాళ్ళు నేరుగా రారు. ముందు ఒక పెద్దమనిషి వస్తాడు. తెల్ల చొక్కా, మెత్తని మాట. చుట్టుపక్కల మీ గురించి ఆరా తీస్తాడు. మీరు ఎప్పుడు వెళ్తారు, ఎప్పుడు వస్తారు, ఇంట్లో ఏమున్నాయి అని అడుగుతాడు. ఆ తర్వాత మీ సైకిల్ ఉండదు.'

ఆ రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. ముందు చక్రం ఊడదీసి దేవుడి గూట్లో పెడితే అమ్మ ఊరుకోలేదు.

"విష్ణుమూర్తికి ముందే ఒక చక్రం ఉండాది గదరా. రెండోది ఏం చేసుకుంటాడు?"

సరిగ్గా ఆ సమయంలోనే ధర్మవరం సంబంధం వచ్చింది. వాళ్ళూ మాలాగే మగ్గాల ఇంటివాళ్ళు. ఇప్పుడు పట్టుచీరల వ్యాపారం. అమ్మాయి పేరు పద్మ. నేను ఆమెను అంతకుముందే మా పిన్ని కొడుకు పెళ్ళిలో చూశాను. ఎవరో నా సైకిళ్ళ సంగతి ఎత్తి నవ్వితే, ఆమె నవ్వకుండా నన్ను ఒకటే అడిగింది. "వాటిని తొక్కుతారా, ఊరికే తుడుస్తారా?" అంతవరకూ నన్ను అంత సరైన ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ రోజు నుంచి ఆమె తప్ప వేరే ధ్యాస లేదు. ఈ సంబంధం తప్పిపోతే నేను మళ్ళీ మామూలు మనిషిని కాలేనని నిజంగానే అనిపించింది.

నాయన పోయాక ఇంట్లో అమ్మా నేనే. అమ్మ నా ఫోటో పంపింది. అటునుంచి కబురు వచ్చింది. 'పిల్లోడు బాగుండాడు. నాలుగు చోట్ల విచారించుకోని చెప్తాము.'

మీకు ఇప్పటికే అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు. మా వైపు ఎవరైనా పిల్లనిచ్చే ముందు మగపిల్లవాడి వీధిలో గుట్టుగా ఆరా తీస్తారని చంటిపిల్లలకు కూడా తెలుసు. కానీ నా బుర్ర నిండా సైకిల్ తుప్పు ఉంది.

మా వీధి మొదట్లో హుసేనన్న టీ కొట్టు ఉంది. ఒక సాయంత్రం కాలేజీలో ల్యాబు పని ముగించుకుని వస్తుంటే ఆయన పిలిచాడు.

"ఏమప్పా ఓబులేసూ, నీ గురించి అడుగుతా ఎవరో పెద్దమనిషి వచ్చినాడు."

"ఎట్లుండాడన్నా?"

"తెల్ల అంగీ. మాట మాత్రం వెన్నపూస."

"ఏమడిగినాడు?"

"ఇంట్లో ఎవరెవరు ఉంటారు, పొద్దున ఎప్పుడు పోతాడు, మళ్ళా ఎప్పుడొస్తాడు, ఇంట్లో ఏమేమి ఉండాయి అని. గిరాకీ ఉండాది, రేపు రాప్పా అంటి."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్ళు ఉంటారు. గుమ్మడికాయ ఇంట్లో భద్రంగా ఉండగానే భుజాలు తడుముకున్నవాణ్ణి నేనే. అక్కడికక్కడే ఉపాయం తట్టింది. ఇంట్లో ఏమీ లేదని తెలిస్తే దొంగ ఎందుకు వస్తాడు?

"అన్నా, రేపు వస్తే ఇట్ల చెప్పు. వాని దగ్గర ఏమీ లేదు. ఉన్నదంతా అమ్ముకోని తాగినాడు. ఇంటిపట్టున ఉండడు. ఇంట్లో కరిచే కుక్క ఉండాది."

హుసేనన్న గరిటె పట్టుకుని నన్ను కిందా మీదా చూశాడు. "నువ్వు తాగుతావని నా నోటితో చెప్పాల్నా? అల్లం ఘాటు ఎక్కువైందని నా టీనే సగం వదిలేస్తావు గదప్పా."

"చెప్పన్నా. నా బతుకు దీని మీదనే ఉండాది."

ఆ మాట ఎంత నిజమో నాకు అప్పుడు తెలియదు. తప్పు పోకుండా మూడుసార్లు ఒప్పజెప్పించుకుని, కొట్టులో ఉన్నవాళ్ళందరికీ టీలు పోయించి, పక్కింటి లక్ష్మక్క దగ్గరికి పోయాను. ఆమెకు పని అప్పగించడమంటే కోతికి కొబ్బరికాయ అప్పగించడమే. నేను చెప్పిందంతా విని పెదవి విరిచింది.

"ఇది చాలదురా. పెండ్లాం వదిలేసి పోయిందని గూడా చెప్తా."

"నాకు పెండ్లే కాలేదు గదక్కా."

"వానికేం తెలుస్తాది? పెండ్లాం పోయేటప్పుడు ఇంట్లో సామానంతా ఆటోలో ఎత్తుకపోయింది అంటా. అప్పుడు దొంగ ఇటు దిక్కు చూడడు."

నాకు ఆమె తెలివికి దండం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా.

మరుసటి రోజు సెలవు పెట్టి కాపలా కూర్చున్నాను. మధ్యాహ్నం గేటు చప్పుడైంది. తెల్ల చొక్కా, చేతిలో సంచీ, నెరిసిన మీసం. నేను లుంగీ మీదే బయటికి పోయి గేటుకు అడ్డంగా నిలబడ్డాను.

"ఓబులేసు ఇల్లు ఇదేనా?"

"ఇదే. వాడు లేడు."

"నువ్వెవరప్పా?"

"నేను కరెంటు మీటరు చూసేదానికి వచ్చినా."

ఆయన నా లుంగీ వైపు చూశాడు. "లుంగీలోనా?"

"ఎండలకు మాకు ఇట్లనే పర్మిషన్ ఇచ్చినారు."

ఆయన ఒక్కసారి జేబులోంచి ఏదో తీసి చూసుకుని మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. అది నా ఫోటో అని తర్వాత తెలిసింది.

"ఆ ఓబులేసు ఎట్లాంటోడు?"

"పెద్దాయనా, వాని పేరు ఎత్తొద్దు. ఉన్నదంతా అమ్ముకోని తాగినాడు. ఇంటిపట్టున ఉండడు. లోపల కుక్క ఉండాది, కరుస్తాది."

"అరుపు వినపడదే?"

"అరిచే కుక్క కరవదు గదా. ఇది కరిచే కుక్క. అందుకే అరవదు."

సామెతను అంత అవసరానికి వాడుకున్నవాడు నాకు ముందు ఎవరూ ఉండరు. ఆయన తలూపి, నాకు దండం పెట్టి వెళ్ళిపోయాడు. నేను లోపలికి పోయి సైకిల్ సీటు నిమిరి, 'బతికిపోయావు' అన్నాను.

ఆ తర్వాత ధర్మవరం నుంచి ఉలుకూ పలుకూ లేదు. అమ్మ దిగులు పడింది. నేనూ దిగులు పడ్డాను. సైకిల్ దక్కిందిగానీ అమ్మాయి దక్కేలా లేదే, నా జాతకమే ఇంత అని నక్షత్రాలను తిట్టుకున్నాను. పాపం, వాటి తప్పేం లేదు.

ఆదివారం పొద్దున ఫోను వచ్చింది. అమ్మ ముఖం వెలిగిపోయింది. "పిల్ల మేనమామ నారాయణప్ప వస్తాండాడంట. మంచి అంగీ వేసుకో."

ఇస్త్రీ చొక్కా వేసుకుని కిటికీలోంచి చూద్దును కదా, గేటు తీసుకుని అదే తెల్ల చొక్కా, అదే సంచీ. చెబితే నమ్మరు, అప్పుడు కూడా నాకు వచ్చిన ఆలోచన ఇది: ఎంత గడుసు దొంగ, మా సంబంధం సంగతి కూడా కనుక్కుని మేనమామ వేషంలో వచ్చాడు.

"అమ్మా, తలుపు తీయొద్దు. వాడు దొంగ."

"నోరు మూయ్. నారాయణప్ప ఫోటో నా ఫోన్లో ఉండాది."

అప్పుడు రాలింది నా బుర్రలోని తుప్పు, ఒక్కసారిగా, కుప్పగా. లోపలి గదిలోకి దూరి, సైకిల్ పక్కన నేల మీద కూలబడ్డాను. ముందుగదిలో మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"అమ్మా, నేను మా ఇంట్లో అందరి సంబంధాలూ విచారించినోన్ని. కానీ ఇట్లాంటిది చూడలేదు. మీకు ఈ వీధిలో ఒక పగోడుండాడు."

"పగోడా? మాకెవరుండారప్పా?"

"టీ కొట్టాయన చెప్పిందే మీ పక్కింటామె చెప్పింది. అవే మాటలు, అదే వరస, బడిపిల్లోళ్ళు ఎక్కం ఒప్పజెప్పినట్ల. ఆమె అయితే మీవాని పెండ్లాం లేచిపోయిందని చెప్పి, కడాన 'పాపం, బంగారం లాంటి పిల్లోడు' అనింది. నాకు అనుమానం వచ్చింది. ఎవడో మీ మీద కడుపుమంటతో వీళ్ళకు నేర్పించినాడు. ఈ సంబంధం చెడగొట్టల్ల అని."

అమ్మ ఇక ఆగలేదు. "వాడెవడో వాని నోట్లో మన్ను పడ. వాని ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేకుండా పోను. నా బిడ్డ మీద చాడీలు చెప్పించినోని నాలుక పుచ్చిపోను." ఆమె తిట్లు ఒక్కొక్కటే గోడ దాటి వచ్చి సరిగ్గా నా నెత్తిన పడుతున్నాయి. నాలుక తడిమి చూసుకున్నాను.

"వాడు ఎవడో కూడా కనుక్కున్నానమ్మా," అన్నాడు నారాయణప్ప. "లోపల ఆ కరెంటు మీటరు పిల్లోడు ఉంటే కొంచెం పిలువు."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతి తెలియదు గానీ, ధర్మవరం చీరల వ్యాపారి పట్టేస్తాడు. కల్తీ జరీని చూపుతో తేల్చే మనిషికి నేనొక లెక్కా?

బయటికి వచ్చి తల వంచుకుని అంతా చెప్పాను. వాట్సాప్ హెచ్చరిక, కణేకల్ కోళ్ళు, లేని కుక్క, అన్నీ. అమ్మ అప్పటిదాకా పెట్టిన శాపాలను వెనక్కి తీసుకోవడానికి దేవుడి గూటి వైపు తిరిగి చెంపలు వేసుకుంటోంది. అక్కడ చక్రం కనిపించేసరికి ఆమెకు మళ్ళీ కోపం వచ్చింది.

"ఆ సైకిల్ చూపించు," అన్నాడు ఆయన.

చూపించాను. చుట్టూ తిరిగాడు. నాకు ఆ క్షణంలో కూడా, మళ్ళీ ఒట్టేసి చెబుతున్నాను, ఆయన బ్రేకు వైపు ఎక్కువసేపు చూస్తున్నాడేమిటా అని అనుమానం వచ్చింది.

"దీనికోసం తాగుబోతునని చెప్పించుకున్నావా?"

"అవును సార్."

"మా పిల్ల కావాల్నా, వద్దా?"

"సైకిల్ పోయినా పర్వాలేదు సార్. ఆమె కావల్ల." అనేశాక నేనే ఆశ్చర్యపోయాను.

ఆయన మీసం దువ్వుకున్నాడు. "చూడప్పా. విచారించేదానికి పోతే అందరూ లేని మంచి చెప్పిస్తారు. అది నమ్మి మా ఇంట్లోనే ఒకసారి మోసపోయినాము. లేని చెడ్డ చెప్పించుకున్నోన్ని నిన్నే చూసినా. దీంతో నాకు ఒకటి తేలిపోయింది. నీకు తెలివి లేదు. తెలివి లేనోడు మా పిల్లను ఏమి మోసం చేస్తాడు?"

అలా బుద్ధి తక్కువ అనే ఒక్క అర్హతతో నా పెళ్ళి కుదిరింది.

కథ ఇక్కడితో సుఖాంతమని మీరు అనుకోవచ్చు. లక్ష్మక్కను మీరు తక్కువ అంచనా వేస్తున్నారు. ఆమె నోటినుంచి బయటపడిన మాట అప్పటికే మా వీధి దాటి, సందులు తిరిగి, బస్టాండు దాకా పోయింది. శుభలేఖ ఇవ్వడానికి పోయిన ప్రతి ఇంట్లో అదే ప్రశ్న. "రెండోదైనా కుదురుగా ఉంటాదా?" పెళ్ళయి ఇన్నేళ్ళయినా మా వీధి చివర ఒక ముసలావిడ పద్మను కూర్చోబెట్టుకుని ఓదారుస్తుంది. "మొదటామె సామానంతా ఎత్తుకపాయ. నువ్వు వచ్చినాకే వానికి తాగుడు మానింది తల్లీ." పద్మ కాదనదు. తలూపి, ఇంటికి వచ్చి, నా వైపు ఒక చూపు చూస్తుంది. ఆ చూపుకు నా దగ్గర ఏ కాలపు భాగమూ లేదు, తగిలించి బాగు చేసుకుందామంటే.

కాబట్టి పెద్దల ముందు, పాఠకుల ముందు, నా ముందు నిలబడి ఉన్న సైకిల్ హ్యాండిలు మీద చేయి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో నా గురించి ఎవరు ఆరా తీసినా నిజమే చెబుతాను, నిజమే చెప్పిస్తాను, ముక్కూ మొహం తెలియని మనిషిని దొంగ అనుకోను.

అవునూ, ఇంతకీ మీరెవరు? ఒక పాత సైకిల్ గురించి ఇంతసేపు ఇంత శ్రద్ధగా ఎందుకు చదివారు?