ఆలిస్ దొరసాని ముఖం

హిల్డా బ్రండిష్‌కు శనివారం అంటే ఆలిస్ రోజు. మోకాళ్ల కింద దిండు వేసుకుని, పాలిష్ డబ్బా మూత తీసి, చర్చి నేలలో పొదిగిన ఇత్తడి రేకు ముందు కూర్చునేది. ఆరువందల ఏళ్ల కిందట పోయిన దొరసాని ఆలిస్ ఆ రేకు మీద చెక్కిన బొమ్మలో చేతులు జోడించి పడుకుని ఉంటుంది, కాళ్ల దగ్గర కుక్కపిల్లతో సహా. హిల్డా తల్లి ముప్పై ఏళ్లు తోమింది. హిల్డా నలభై ఆరేళ్లు తోమింది. భర్త పోయిన వారం కూడా మానలేదు. ఇంగ్లండులో మా సఫోక్ జిల్లాలో పాత చర్చిలకు కొదవ లేదు గానీ, అంత తళతళలాడే ఇత్తడి ఇంకెక్కడైనా ఉంటే చూపించమనండి.

చర్చి తాళంచెవి హిల్డా గుమ్మంలో మేకుకు వేలాడుతుంది. జానెడు ఇనుపముక్క. పాత చర్చిలు చూసే పిచ్చి పట్టినవాళ్లు సైకిళ్ల మీదా కార్లలోనూ వచ్చి తలుపు తడితే, పొయ్యి మీద టీ ఉన్నా దించేసి వెంట నడిచేది. కిటికీలూ పైకప్పూ తర్వాత, ముందు తిన్నగా ఆలిస్ దగ్గరికే. "మా పిల్ల" అని చెప్పేది, అంత పెద్దావిణ్ణి పట్టుకుని.

కిందటి మే నెలలో జెఫ్రీ టాల్‌బోయ్స్ అనే రిటైరైన మాస్టారు వచ్చాడు. కుర్రతనంలో ఒకసారి వచ్చి, ఆలిస్ మీద కాగితం పరిచి నల్ల మైనంతో రుద్ది అచ్చు తీసుకువెళ్లాడట. పక్కపక్కన పెట్టి చూసుకుందామని దాన్ని చుట్టచుట్టి తెచ్చాడు. నేల మీద విప్పాడు.

హిల్డా వంగి చూసింది. కాగితంలో ఆలిస్‌కు కళ్లున్నాయి. పెదవి చివర చిన్న నవ్వుంది. కుక్కపిల్ల మెడలో మువ్వలు లెక్కపెట్టొచ్చు. ఇత్తడి మీద ముఖం కంచంలా నున్నగా ఉంది.

"దీని ముఖం ఏమైందండీ?" అంది.

ఆయన చూపు పాలిష్ డబ్బా మీద పడి, చప్పున పక్కకు తప్పుకుంది. దాంతో ఆమెకు అంతా అర్థమైపోయింది. బెంచీ మీద కూలబడింది. ఏ దొంగో రేకు పీక్కుపోయినా అంత ఏడ్చేది కాదు. వారంవారం చూసే ముఖం కదా, ఇంతింత అరుగుతుంటే ఎలా కనబడుతుంది? అన్ని ఊళ్లలోనూ ఇలాగే తోమేవాళ్లని మాస్టారు సర్దిచెప్పాడు. వెళ్తూ ఆ అచ్చు ఆమెకే ఇచ్చేశాడు.

మా పాస్టరు రోవెనా ఐదు ఊళ్ల చర్చిలు ఒంటిచేత్తో నెట్టుకొచ్చే మనిషి. సంగతి విని, రేకు మీద తివాచీ పరిచేద్దాం, ఇది మనిద్దరి మధ్యే ఉండనీ అంది.

"ఎవరడుగుతారు హిల్డా? పాతబడి అరిగిందనుకుంటారు."

"పాతబడి అరగలేదమ్మా. నేను అరగదీశాను. ఆలిస్ దగ్గర కూడా అబద్ధమాడమంటావా?"

హిల్డా తివాచీ మాత్రం పరిచింది. అచ్చుకు ఫ్రేము కట్టించి పక్క గోడకు తగిలించింది. కింద అట్ట మీద ఇలా రాసింది: "ఈమె అసలు ముఖం ఇది. మా అమ్మా నేనూ ప్రేమకొద్దీ తోమి చెరిపేశాం. మీ ఊళ్లో ఇలాంటిది ఉంటే తోమకండి. హిల్డా బ్రండిష్."

పరువు తీసిందని ఊళ్లో కొందరు సణిగారు. సణగనివ్వండి. తన తప్పును పేరుతో సహా గోడకు తగిలించుకునే గుండె వాళ్లలో ఒక్కరికుందా?

హిల్డా ఇప్పటికీ శనివారం పొద్దున చర్చికి వెళ్తుంది. తివాచీ మడిచి, దిండు వేసుకుని, ఆలిస్ ముందు కూర్చుంటుంది. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, ఒక గంటసేపు ఏమీ చెయ్యదు. నలభై ఆరేళ్లు తోమడం కన్నా అదే కష్టంగా ఉందంటుంది.