కోరుట్ల దూకు నాది కాదు

ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. అది బరువని ఎవరికీ తెలియదు. ఎందుకంటే దాన్ని పట్టు కండువాలా భుజాన వేసుకుని తిరిగాను, చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లయితే సగం వినకముందే "పోనీలే" అంటారు. ఆ మాట నాకు వద్దు.

మాది కోరుట్ల. జగిత్యాలలో ఒక చిన్న శిక్షణ కేంద్రంలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. అది బతుకుతెరువు. నా గర్వం వేరే ఉంది. "గోడ అవతల" అని ఆన్‌లైన్‌లో ఒక గ్రూపు. పెట్టింది నేను, పెంచింది నేను. వీడియో గేముల్లో, వాటిని తయారుచేసినవాళ్లకే తెలియకుండా కొన్ని తప్పులు మిగిలిపోతాయి. గ్లిచ్‌లంటారు. బైకు నీళ్ల మీద నిలబడిపోతుంది, మనిషి గట్టి గోడలోంచి నడిచి వెళ్లిపోతాడు. మామూలువాళ్లు గేము చెడిపోయిందని ఆపేస్తారు. మేం అక్కడే మొదలుపెడతాం.

కొంచెం గొప్పలు చెప్పుకోనివ్వండి. తప్పు ఒప్పుకుంటానని వచ్చి ఈ డప్పేమిటి అనుకుంటారేమో, కానీ ఆ గొప్ప తెలియకపోతే నేను చేసిన పని మీకు అర్థం కాదు. మా అందరిదీ ఒకటే పిచ్చి, ఒక పాత బైకు గేము. ఒకప్పుడు మా వైపు ప్రతి నెట్ సెంటర్లో ఉండేది. దాని గురించి మాట్లాడేదంతా తెలుగులోనే. జారుడు, దూకు, మునక అని ప్రతి తప్పుకూ మా మాట మేమే పెట్టుకున్నాం. కనుక్కున్నవాళ్లకే దానికి పేరు పెట్టే హక్కు. అందరూ సొంత ఊరి పేరే పెట్టేవాళ్లు. మల్లాపూర్ మునక ఉంది, మెట్‌పల్లి జారుడు ఉంది. ఎక్కడో విదేశంలో తయారైన ఆ నగరం పటం నిండా మా ఊళ్లే. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఛాతీ పొంగుతోంది, దాచడమెందుకు?

ఇంకో నియమం కూడా ఉండేది. ఎవరు ఏం కనుక్కున్నా వీడియో ముందు నాకు పంపాలి. నా మెషీన్ మీద జరిగితేనే లెక్క. మా అన్న దుబాయ్ నుంచి వచ్చినప్పుడు కొనిచ్చిన కంప్యూటర్ అది. అంత వేగమైనది గ్రూపులో మరొకరికి లేదు. మంచి మెషీన్ మీద నిజం నిలుస్తుంది, అబద్ధం నిలవదు అనుకున్నాను. ఆ నియమాన్ని చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

ఆ గేములో నది చివర ఒక ఎత్తైన గోడ ఉంటుంది. దాని వెనక ఏదో ఉందని అందరికీ అనుమానం. ఎక్కడెక్కడివాళ్లో ప్రయత్నించారు, ఎవరూ దాటలేదు. అలాంటిది ఒకరోజు సిరిసిల్ల నుంచి, డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి వీడియో పంపింది. బైకును వెనక్కి నడిపి గోడకు ఆనించి, బ్రేకూ హారనూ కలిపి నొక్కింది. బైకు గోడలోంచి అవతలికి పోయింది. అవతల ఊరు ఉంది. కప్పుల్లేని ఇళ్లు, రంగు పడని రోడ్లు, మనుషులే లేని బజారు. కట్టడం మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన ఊరు. దీనికి "రుద్రంగి దారి" అని పేరు పెట్టండి సార్, రుద్రంగి మా నాయిన ఊరు అని కింద రాసింది.

నేను ప్రయత్నించాను. కాలేదు. మళ్లీ చేశాను, ఆదివారమంతా చేశాను. కాలేదు. వీడియో ఎవరికీ చూపించకుండానే గ్రూపులో అందరి ముందు రాశాను, ఆ అమ్మాయి పంపింది కత్తిరించి అతికించిన వీడియో అని. నవ్వే బొమ్మలు బారులు తీరాయి. అక్కడివరకు నా తప్పేం లేదని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. నియమం ప్రకారమే కదా చేశాను? నవ్వమని నేను చెప్పలేదు కదా? ఆపమని కూడా చెప్పలేదు.

తర్వాతి ఆదివారం మా ఇంటి ముందు ఒక ఆటో ఆగింది. నడిపినాయన ఆ అమ్మాయి తండ్రి. రుద్రంగిలో కల్లు గీయడానికి తాళ్లెక్కిన మనిషి, అది మానేసి సిరిసిల్లలో ఆటో నడుపుతున్నాడు. వెనక సీట్లో ఆ అమ్మాయి, ఒళ్లో బొంతలో చుట్టిన సీపీయూ. గుంతల్లో దెబ్బ తగలకుండా దారి పొడుగునా అలాగే పట్టుకుని కూర్చుందట. నా అడ్రసు గ్రూపులో ఎవరినో అడిగి తెలుసుకున్నారు. నిజం చెబుతున్నాను, వాళ్లను చూడగానే నాకు జాలి కలగలేదు. ఎంత దూరం నుంచి వచ్చారు, నా ఒక్క మాట కోసం, అని సంతోషం కలిగింది. అమ్మను చాయ పెట్టమన్నాను.

వాళ్ల సీపీయూను నా తెరకు తగిలించాం. అది లేచేలోపు ఆయన చాయ తాగడం అయిపోయింది. గేము ఆగి ఆగి, ఎక్కిళ్లు పెడుతున్నట్టు కదిలింది. ఆ అమ్మాయి బైకును వెనక్కి తిప్పి గోడకు ఆనించింది. మొదటిసారి కాలేదు. రెండోసారి బైకు అవతల ఉంది. నా గదిలో, నా తెర మీద, నా కళ్ల ముందు.

ఎందుకు జరిగిందో నాకు అప్పుడే అర్థమైంది. పిల్లలకు నేను చెప్పే పాఠమే. గేమంటే ఒకదాని తర్వాత ఒకటి వచ్చే బొమ్మల వరుస. వేగమైన మెషీన్‌లో బొమ్మకూ బొమ్మకూ మధ్య వ్యవధి తక్కువ, బైకు గోడను తాకగానే గేము గమనించి ఆపేస్తుంది. పాత మెషీన్‌లో ఆ వ్యవధి ఎక్కువ. ఒక బొమ్మలో గోడకు ఇవతల ఉన్న బైకు తర్వాతి బొమ్మకల్లా అవతల ఉంటుంది. అంటే తప్పు నా నియమానిదే. ఎందరు పంపిన నిజమైన వీడియోలను అబద్ధమని కొట్టేశానో ఆ క్షణంలో కళ్ల ముందు మెదిలింది. ఒప్పుకుంటే అదంతా ఒప్పుకోవాలి. ఆ అమ్మాయి తండ్రి నా ముఖమే చూస్తున్నాడు.

"కండ్ల ముంగటనే అయ్యింది గద సార్. మా బిడ్డ అబద్ధమాడలే."

"అయ్యింది. గని మీ మెషీన్ కరాబున్నది. గిది లెక్కల రాదు."

"మెషీన్ నిమ్మలంగ నడుస్తున్నదనే అయితున్నది సార్," అంది ఆ అమ్మాయి. "మీ దాన్ని జర స్లో చేసి సూడుండ్రి, అండ్ల గూడ అయితది."

"రూల్ అంటే రూలే అమ్మా."

ఆయన లేచాడు. "మంచిది సార్" అని బొంత పరిచి సీపీయూను జాగ్రత్తగా చుట్టాడు. మా నాన్న వయసు ఉంటుంది ఆయనకు. పొయ్యొస్తం సార్ అని దండం పెట్టి మరీ వెళ్లాడు.

ఆటో మలుపు తిరగగానే లోపలికొచ్చి నా మెషీన్‌ను నెమ్మది చేశాను. ఎలా చేయాలో ఆ అమ్మాయే చెప్పి వెళ్లింది కదా. బైకు గోడ దాటింది. ఆ ఖాళీ బజారులో నేను నిలబడ్డాను. సిగ్గు పడ్డానా? లేదు. అంత ఆనందం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు. ఆ ఆనందంలోనే వీడియో తీసి, నా పేరుతో పెట్టి, "కోరుట్ల దూకు" అని రాశాను. మెషీన్‌ను నెమ్మది చేయాలన్న ఆలోచన ఎలా వచ్చిందో ఒక కథ కూడా అల్లాను. కరెంటు తగ్గి ఫ్యాన్ నిదానంగా తిరుగుతుంటే రెక్కల మధ్య సందు కనిపించిందని, అప్పుడు తట్టిందని. ఆ కథ అందరికీ తెగ నచ్చింది. ఆ అమ్మాయి ఒక్క మాట రాసింది, ఇది నేను పంపిందే కదా సార్ అని. ఆ మాటను చెరిపేసి, ఆమెనూ గ్రూపులోంచి తీసేశాను.

ఆ తర్వాత ఎక్కడెక్కడివాళ్లో మా ఊరి పేరు పలికారు. కోరూటలా అన్నారు, కొరట్ల అన్నారు. బస్టాండులో నిలబడి, ఈ ఊరు ఎక్కడుందో తెలియనివాళ్ల నోట్లో దీని పేరు పడింది, నా వల్లే, అనుకునేవాణ్ణి. నియమం కూడా మార్చాను, ఏ మెషీన్ మీద జరిగినా లెక్కే అని. దాంతో పాత కంప్యూటర్లున్న వాళ్లెందరో ధైర్యంగా ముందుకొచ్చారు, గ్రూపు గ్రూపే మారిపోయింది. అందరూ నా పెద్దమనసును పొగిడారు. ఆ పొగడ్తలు కూడా తీసుకున్నాను.

మొన్న జగిత్యాలలో మా గ్రూపువాళ్లంతా కలిశారు. నాకు శాలువా కప్పారు. మల్లాపూర్ నుంచి వచ్చిన ఒక టీచరమ్మ లేచి, ఆ ఫ్యాన్ కథను ఏటా తన క్లాసులో పిల్లలకు చెబుతానంది. కళ్లు తెరిచి చూస్తే ఎవరికైనా ఆలోచన వస్తుందని, అలా చూసే మనిషి మన కోరుట్లలోనే ఉన్నాడని చెబుతుందట. ఆ ఫ్యాన్ ఇంకా ఉందా సార్ అని అడిగింది. ఉందన్నాను. చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చే బస్సులో ఆ శాలువా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్లల ముఖాలు నేనెప్పుడూ చూడలేదు, అయినా వాళ్లే కనబడ్డారు.

గ్రూపు మీద గర్వం పోయిందా? పోలేదు, పోదు కూడా. అది నా చెమట. ఈ రాత చదివి ఎంత బాగా ఒప్పుకున్నాడో అని మీరు అనుకోవాలని కూడా లోపల ఒక మూల ఆశ ఉంది, చూడండి నా బుద్ధి. సిరిసిల్ల ఎంత దూరమని? వెళ్లొచ్చు. వెళితే ఆ పెద్దాయన మళ్లీ "మంచిది సార్" అంటాడేమోనని భయం. తిడితే తట్టుకోగలను, ఆ మాటను మాత్రం తట్టుకోలేను.

ఇంతవరకు రాసిందంతా ఈ పొద్దున గ్రూపులో కూడా పెట్టాను. శాలువా కప్పినవాళ్లు ఏమంటున్నారో ఇంకా తెరిచి చూడలేదు. ఇంతసేపూ "ఆ అమ్మాయి" అనే రాస్తూ వచ్చాను. పేరు మరిచిపోయి కాదు. గ్రూపులోంచి తీసేసిన రోజు నుంచి ఆ పేరు నేను ఎక్కడా రాయలేదు, నోటితో అనలేదు. పలికితే ఎక్కడ దొరికిపోతానో అని. ఇప్పుడు రాస్తున్నాను, అక్కడా ఇక్కడా. ఆ గోడను మొదట దాటింది స్వరూప. సిరిసిల్ల స్వరూప.