కంబళి కింద ఈరప్ప

"నన్ను ఒకసారి సామిని చేసినారప్పా" అని మొదలుపెడతాడు ఈరప్ప. గుమ్మఘట్ట బస్టాపు పక్కన ఆయనకో చిన్న ఫొటో స్టూడియో. ఈ సంగతి ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. చెప్పిన ప్రతిసారీ అసలు చోటుకి రాకముందే ఆయనే నవ్వేస్తాడు. ఆ నవ్వు అయ్యేదాకా మనం ఆగాలి.

రెండువేల రెండో సంవత్సరం, అప్పుడప్పుడే ఎండలు ముదురుతున్నాయి. పెళ్లి ఫొటోలతో ఈరప్పకు ఇల్లు గడుస్తోంది. బళ్లారిలో ఎవరో వాడుకుని అమ్మేసిన పొడుగు లెన్సు తెచ్చుకుని, ఎలా ఉందో చూద్దామని గుట్ట మీదికి పోయాడు. బండల సందులో, తలమీద కొమ్ముల్లాంటి ఈకలున్న పెద్ద గూబ. నారింజ రంగు కళ్లు. కదలకుండా ఈయన్నే చూస్తోంది. "అంత నేరుగా నా కెమెరాలోకి ఏ పెండ్లికొడుకూ చూడలేదప్పా" అంటాడు. ఆ రోజుతో ఆయన మనసు గుట్ట మీదే ఉండిపోయింది.

చిక్కేమంటే, గూబ వాలిందని ఇంటికి తాళం వేసి కొన్నాళ్లు వేరేచోట కాపురం ఉండేవాళ్లు మా వైపు ఉన్నారు. గూబను తీసిన కెమెరాతోనే పెళ్లికూతుర్నీ తీస్తాడని తెలిస్తే ఇంక ఎవరు పిలుస్తారు? ఆయనకున్నది ఆ ఒక్క కెమెరా. అందుకే భార్య సరళకూ, గొర్రెలు మేపే తిమ్మప్పకూ తప్ప ఎవరికీ చెప్పలేదు.

తిమ్మప్పకు చెప్పక తప్పలేదు. ప్యాంటూ చొక్కాతో ఈరప్ప గుట్టెక్కితే గూబ లేచిపోయేది. కంబళి కప్పుకుని గొర్రెల వెనక పోయే తిమ్మప్పను మాత్రం కన్నెత్తి చూసేది కాదు. సరే, ఈరప్ప ఆ కంబళే అడిగి కప్పుకున్నాడు. సాయంత్రం గొర్రెల్లో కలిసిపోయి బండ కింద కూర్చునేవాడు. గొర్రెలు ముందుకు సాగిపోయేవి, ఈయన మిగిలిపోయేవాడు. మెల్లగా తల్లి గూబ అలవాటుపడింది. సందులో ఉన్ని ఉండల్లాంటి రెండు పిల్లలున్నాయి. తల్లీ పిల్లలూ కలిసి వెలుగులోకి వచ్చే ఒక్క ఫొటో కావాలి ఆయనకు. పిల్లలకు రెక్కలు వచ్చేస్తున్నాయి. ఇంక ఎంతో కాలం ఉండవు.

ఇంతలో కట్టెలకొచ్చిన ఆడవాళ్లు చూశారు. బండ కింద నల్ల కంబళి. మనిషి కదలడు, మెదలడు.

"ఎవరప్పా ఆయప్ప?" అని తిమ్మప్పను అడిగారు.

"నాకేం తెలుసు. మాట్లాడడు" అన్నాడు తిమ్మప్ప.

అంతే. మర్నాడు బండ ముందర టెంకాయ, అరటిపండ్లు.

"మాట్లాడడని ఎందుకు చెప్పినావన్నా? సామి అనుకుంటాండారు!" అని ఈరప్ప మొత్తుకున్నాడు.

తిమ్మప్ప తీరుబడిగా పండు ఒలుచుకున్నాడు. "నిజం చెప్పొద్దని నువ్వే గదా అన్నది. పండ్లు బాగుండాయి, తిను."

చూస్తుండగానే జనం పెరిగారు. వానలు సరిగా లేని రోజులు. "సామీ, ఈసారన్నా శెనక్కాయ పండుతాదా?" "సామీ, మా బోరులో నీళ్లు పడతాయా?" లేచిపోదామంటే ముఖం బయటపడుతుంది. కూర్చుంటే ఈ గోలకు తల్లి గూబ దరిదాపులకు రావడం లేదు. ఆకలికి పిల్లలు సందులోంచి బుసలు కొడుతున్నాయి. ఆ బుసలు విని, సామి దగ్గర పాము కూడా ఉందని జనం ఇంకా గట్టిగా మొక్కారు.

శుక్రవారం సాయంత్రం బయమ్మ వచ్చింది. పెద్ద రైతు కుటుంబం, ఆమె మాటకు ఊళ్లో ఎదురులేదు. వచ్చే వారమే ఆమె మనవరాలు నందిని పెళ్లి. ఫొటోలకు మాట్లాడుకున్నది ఈరప్పనే. ఆయన కంబళిని ముక్కు మీదికి లాక్కున్నాడు.

"మౌనంలో ఉండే సామి ముందర ఏందిరా ఈ సంత? నోళ్లు మూయండి!" అని బయమ్మ కసిరింది. గుట్టంతా చప్పున చల్లబడింది.

ఆ నిశ్శబ్దంలో తల్లి గూబ వచ్చి వాలింది. నోట ఎలుక. వాలుపొద్దు సరిగ్గా సందులోకి కొడుతోంది. పిల్లలు రెండూ తూలుకుంటూ బయటికొచ్చాయి. ఒకటి మాత్రం తల దించుకుని నిలబడింది. ఈరప్పకు ఒళ్లు తెలియలేదు.

"గడ్డం కొంచెం పైకమ్మా... నా బంగారు... ఆ, అంతే. కదలొద్దు!"

కెమెరా టక్కుమంది.

బయమ్మ చేతులు దండం మధ్యలో ఆగిపోయాయి. ఆ మాట ఎవరిదో, ఆ చుట్టుపక్కల పెళ్లయిన ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది. ఆమె లేచి వచ్చి కంబళి లాగింది.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! ఈరప్పా, నువ్వా?"

"మెల్లగా అవ్వా, పిల్లలు బెదురుతాయి."

"యాడి పిల్లలు?" ఆమె తలెత్తి చూసింది. వెనకున్నవాళ్లు గూబ, గూబ అంటూ చెంపలేసుకున్నారు. తల్లి గూబ ఎగిరి పక్క బండ మీద వాలింది. బయమ్మ ఈరప్ప వైపు తిరిగింది. "ఈ కెమెరాతోనేనా మా నందినిని తీసేది?"

కాదనమని జనం వెనకనుంచి తిమ్మప్ప కళ్లతో సైగలు చేస్తున్నాడు.

"ఇదే అవ్వా. నాకుండేది ఇదొకటే" అన్నాడు ఈరప్ప. "పెండ్లికి రావద్దంటే రాను. ఈటిని మాత్రం తరమొద్దు. ఒక్కసారి దీంట్లోంచి చూడు."

ఒక కన్ను మూయడం రాక, దాన్ని అరచేత్తో మూసుకుని బయమ్మ చూసింది. చిన్న పిల్ల ఎలుకను మింగలేక తంటాలు పడుతోంది. తోక బయట వేలాడుతోంది.

బయమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "మా నందిని సేమ్యా తిన్నట్లే తింటాండాది గదరా!" తర్వాత జనం వైపు తిరిగింది. "రండి, మీరూ చూడండి. అరిస్తే తంతా." వరసగా అందరూ చూశారు. కట్టెలకొచ్చే హనుమక్క రెండోసారి కూడా వరసలో దూరి తిట్లు తింది.

"అదంతా సరే. దోషమైతే తగిలుంటాది. పెండ్లి పొద్దున కెమెరా మీద పసుపునీళ్లు చల్లాల" అంది బయమ్మ.

"నీళ్లు తగిలితే ఇది చస్తాదవ్వా!"

"అయితే నీ మీద పోస్తా."

పోసింది. నందిని పెళ్లినాడు కెమెరాను తిమ్మప్ప చేతికిచ్చి ఈరప్ప గడప ముందర నిలబడితే, చెంబెడు పసుపునీళ్లు నెత్తిన గుమ్మరించింది. తడి చొక్కాతోనే ఆయన తలంబ్రాలు తీశాడు. మగపెళ్లివాళ్లు ఇదేదో ఈ వైపు ఆచారమనుకుని, తమ చిన్నవాడి పెళ్లికీ ఈయన్నే పిలిపించి ముందుగా చెంబు తెచ్చారు. వాళ్లను చూసి ఇంకొకరు. ఇప్పుడు ఈరప్ప పసుపునీళ్లలో తడవనిదే పెళ్లి మొదలుపెట్టని ఇళ్లున్నాయి.

"గూబలకు రెక్కలొచ్చి సుఖంగా ఎగిరిపోయినాయి" అంటుంది సరళ, దండెం మీద బట్టలు ఆరేస్తూ. "ఈయనకే ఒక్క తెల్లచొక్కా మిగల్లే."