నూట ఎనభై ఏడో కుప్ప

మా ఊరు ఐత్ వాగూర్‌లో మాంసం కుప్పలు పెట్టడం దా షాబాన్ పని. ఇరవై రెండేళ్ళు ఆయనే పెట్టాడు. దా అంటే అన్న. నిన్న మొన్న పుట్టిన పిల్లల దగ్గర్నుంచి పళ్ళూడిన ముసలాళ్ళ దాకా అందరికీ ఆయన అన్నే. ఉద్యోగం మాత్రం పోస్ట్‌మ్యాన్. ఈ కొండ మీద ఏ గుమ్మానికి ఎన్ని మెట్లున్నాయో, ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏ ఇల్లాలు ఉత్తరం చదివించుకుని ఏడుస్తుందో అన్నీ ఆయనకు తెలుసు. పొట్టి మనిషి, పెళుసు నోరు. ఊళ్ళో నూట ఎనభై ఏడు ఇళ్ళు. కాగితం చూడకుండా, ఎగువ వీధి నుంచి దిగువకి వరసగా చెప్పేవాడు.

ఏటా ఆలివ్ కోతలకు ముందు మాకు తిమెష్రెత్ జరుగుతుంది. ఊరుమ్మడిగా ఎడ్లు కొని, కోసి, ఎన్ని ఇళ్ళుంటే అన్ని కుప్పలు పెడతారు. డాక్టరు గారింటికీ ఒక కుప్పే, మేకలు కాసేవాడింటికీ ఒక కుప్పే. ప్రతి కుప్పలో కాస్త కాలేయం, కాస్త తొడ, కాస్త ఎముక, కాస్త పేగు ఉండాల్సిందే. ఇంటికొక గుర్తు చొప్పున బొత్తామో తాళంచెవో గంపలో వేస్తారు. ఒక పెద్దాయన చూడకుండా తీసి ఒక్కో కుప్ప మీద ఒక్కో గుర్తు పడేస్తాడు. ఏది పడితే అదే నీ వాటా.

ఇందులో ఒక కట్టుబాటు ఉంది. ఏ ఇంటినైనా మరిచిపోతే, ఆ ఇంటివాళ్ళు అడగకూడదు. ఇంకో ఇంటివాడు లేచి అడగాలి. కుప్పలు పెట్టేవాడికైతే తన వాటా గురించి నోరెత్తే హక్కే లేదు. నా చిన్నప్పుడు ఓసారి ఫెత్తా అనే విధవరాలి ఇల్లు తప్పిపోయింది. అంజూరపు చెట్టు గట్టు కోసం ఆమెతో తొమ్మిదేళ్ళుగా కోర్టుల చుట్టూ తిరుగుతున్న అలీ వామర్ అంత జనంలోనూ లేచి "ఫెత్తా కుప్ప ఏదిరా? ఆవిడ చచ్చిందనుకున్నారా?" అని అరిచాడు. ఆమె వాటా ఆమెకి ఇప్పించి, సోమవారం మళ్ళీ ఆమె మీద వాయిదాకి వెళ్ళాడు. వాటా లేని ఇల్లంటే మా దగ్గర ఊళ్ళో లేని ఇల్లే.

ఇక ఊట సంగతి. ఎగువ వీధి కింద, బండల మధ్య నుంచి వచ్చే నీళ్ళే మా ఊరికి ఆధారం. కుళాయి నీళ్ళు వేసవిలో నాలుగు రోజులకోసారి దగ్గుకుంటూ వస్తాయి. ఊటకి పైన రాతిగోడ ఒకటుంది. మూడేళ్ళ కిందట అది కడుపుతో ఉన్న మనిషిలా ముందుకి ఉబ్బింది. అది పడితే కొండ మట్టంతా ఊట మీదే పడుతుంది. ఈ గోడ దా షాబాన్‌కి నిద్ర లేకుండా చేసింది. అప్పటికి రిటైరయ్యాడు. రోజూ పొద్దున వెళ్ళి, రాళ్ళ సందుల్లో వేళ్ళు పెట్టి చూసి, డాక్టరులా తల అడ్డంగా ఊపుకుంటూ వచ్చేవాడు.

కిందటేడాది ఎండాకాలం చివర ఊరి సభలో లేచాడు.

"వానలు రాకముందు గోడ దించి మళ్ళీ కట్టాలి. నాలుగు శుక్రవారాలు చాలు. ఇంటికొక మనిషి రండి. తివీజి చేద్దాం. మన తాతలు చేసిందే కదా, కొత్తగా ఏం కనిపెట్టమనట్లేదు" అన్నాడు.

ఊరి పని ఊరంతా కలిసి చెయ్యడాన్ని తివీజి అంటాం. చేతులెత్తమంటే లేవని చెయ్యి లేదు. నేనైతే రెండూ ఎత్తాను. సంఘం కార్యదర్శి ఫాతెహ్, ముప్పై ఏళ్ళ కుర్రాడు, తెలివైనవాడు, ఆ ఎత్తిన చేతుల్ని ఫోటో తీసి ఊరి ఫేస్‌బుక్ పేజీలో పెట్టాడు. దానికి నాలుగు వందల గుండెకాయలు వచ్చాయి. ఆ రోజు లేచిన చేతుల కన్నా ఎక్కువ.

మొదటి శుక్రవారం పదకొండు మంది వచ్చారు. రెండో శుక్రవారం ఆరుగురు. మూడోసారి దా షాబాన్, మేకలవాడు, ఒక చెవిటి తాపీమేస్త్రీ. రానివాళ్ళంతా ఎక్కడున్నారంటే, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, నా కాఫీ కొట్లోనే ఉన్నారు. శుక్రవారం నాకు మంచి బేరం. డామినోలు టపటపా కొడుతూ, గోడ గురించే మాట్లాడుకునేవాళ్ళు.

ఆ మూడో శుక్రవారం దా షాబాన్ మోకాళ్ళ దాకా మట్టితో గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"ఏం యాహియా, నడుం ఎలా ఉంది?" అన్నాడు.

"అలాగే ఉంది దా షాబాన్. వంగితే ప్రాణం పోతోంది" అన్నాడు యాహియా, డామినో బిళ్ళలు చేత్తో దాస్తూ.

"మొన్న బంతి ఆడేటప్పుడు ఎవరి నడుం అరువు తెచ్చుకున్నావు?"

అందరం నవ్వాం. యాహియా కూడా నవ్వాడు. మాలో ఉన్న జబ్బు అదే, ఎవరేమన్నా నవ్వేస్తాం.

మూలనున్న మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "అది మునిసిపాలిటీ చెయ్యాల్సిన పని. మనం చేస్తే వాళ్ళింక జన్మలో చెయ్యరు. సూత్రం మాట్లాడుతున్నాను నేను."

"సూత్రం తాగి బతుకుతావా మాస్టారూ?"

"నేను సిమెంటు పంపించాను కదా!" అని ఇంకెవరో అన్నారు. నిజమే. రాలేనివాళ్ళు సిమెంటు పంపారు. ఇరవై ఆరు బస్తాలు గోడ పక్కన పేర్చి ఉన్నాయి, ఎత్తే మనిషి లేక.

దా షాబాన్ నా వైపు తిరిగాడు. "రబాహ్, వచ్చే శుక్రవారం ఒక్క పూట కొట్టు మూసెయ్. వీళ్ళకి కూర్చునే చోటు లేకపోతే వాళ్ళే వస్తారు. నువ్వూ రా."

"నేను మూస్తే పక్కవాడు తెరుస్తాడు దా షాబాన్" అన్నాను.

నా పక్క కొట్టు మంగలిది. ఆయన దానికేసి చూసి, నాకేసి చూసి, వెళ్ళిపోయాడు. నాలుగో శుక్రవారం కూడా నేను కొట్టు తెరిచే ఉంచాను. ఆ వారంలోనే వాన పడింది. బస్తాలు బస్తాలుగానే రాళ్ళయిపోయాయి.

రెండు వారాలకి తిమెష్రెత్ వచ్చింది. అల్జీర్స్ నుంచి, ఒరాన్ నుంచి మావాళ్ళ కార్లు బారులు తీరాయి. ఊరి సభ జరిగే చావడి ముందు కాలు పెట్టే చోటు లేదు. నడుం పోయిన యాహియా ఎద్దు కొమ్ములు పట్టుకుని వంచుతున్నాడు. సూత్రం మాస్టారు కత్తులు నూరుతున్నాడు. ఇంతమంది ఉన్నారు, ఇంత బలం ఉంది, ఇంత సరదా ఉంది. దా షాబాన్ అదంతా చూస్తూ నేల మీద ఆకులు పరిచి కుప్పలు పెట్టడం మొదలుపెట్టాడు. ఆయన చెయ్యి ఎప్పటిలాగే తూచినట్టు పడుతోంది.

నాకు చిన్నప్పటి నుంచీ కుప్పలు లెక్కపెట్టే అలవాటు. ఆ రోజూ లెక్కపెట్టాను. నూట ఎనభై ఆరు వచ్చాయి. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్ళీ చూశాను. అంతే. గుర్తుల గంపలోకి తొంగి చూశాను. దా షాబాన్ ఎప్పుడూ వేసేది పోస్టాఫీసు ఇత్తడి బొత్తాం. అది లేదు.

అప్పుడు నాకు అర్థమైంది. తన ఇంటిని తనే తప్పించాడు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు లేచి "షాబాన్ కుప్ప ఏది?" అంటాడేమోనని చూస్తున్నాడు. ఎవరైనా అలా అడిగితే, అప్పుడు ఆయనకి మాట్లాడే వీలు దొరుకుతుంది. నా ఒక్క ఇంటి కోసం లేచారు కదా, ఊరి ఊట కోసం లేవరా అని అడుగుతాడు. ఇది నా ఊహ కాదు. తర్వాత ఆయన భార్య వర్దియా నాకు చెప్పింది. పొద్దున బయల్దేరేటప్పుడు "ఎవరో ఒకరు అడుగుతారు, ఇంకా అంత దిగజారలేదులే మనవాళ్ళు" అని ఆమెతో అన్నాడట.

గుర్తులన్నీ కుప్పల మీద పడ్డాయి. ఇక ఆనవాయితీ ప్రకారం కుప్పలు పెట్టినవాడు మూడుసార్లు అడగాలి.

"ఏ ఇల్లయినా మిగిలిందా?"

సంచులు విప్పుకుంటున్న చప్పుడు.

"ఏ ఇల్లయినా మిగిలిందా?"

ఆయన ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ వస్తున్నాడు. ఉత్తరాలు పంచినట్టే, వరసగా. యాహియా తల దించుకున్నాడు. మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నాడు. అంటే వాళ్ళకీ తెలుసు. నేను లేవాలి. లేద్దామనే అనుకున్నాను. ఒట్టు, కాళ్ళు కూడగట్టుకున్నాను. కానీ లేచి అడిగితే, "నువ్వు తివీజికి వచ్చావా, పెద్ద మాట్లాడొచ్చావు" అని ఎవడైనా అంటే? ఆయన చూపు నా దగ్గరికి వచ్చింది. నేను నా సంచి ముడి విప్పుకోవడం మొదలుపెట్టాను.

"ఏ ఇల్లయినా మిగిలిందా?" మూడోసారి ఆయన గొంతు బాగా దగ్గరున్నవాళ్ళకే వినబడింది.

అప్పుడు ఫాతెహ్ మైకు అందుకున్నాడు. వాడికి చెడ్డబుద్ధి లేదు, అది మాత్రం చెప్పాలి. "దా షాబాన్ ఈ ఏడాది తన వాటా ఊరికోసం వదులుకున్నారు! అలాంటి పెద్దమనసుకి మనం చప్పట్లు కొట్టాలి!" అన్నాడు.

కొట్టాం. అందరం కొట్టాం. హమ్మయ్య అనిపించింది. దా షాబాన్ కత్తి కడుక్కుని, గుడ్డలో చుట్టుకుని, ఇంటికి వెళ్ళిపోయాడు.

జనవరిలో గోడ పడింది. ఊట ఉన్నచోట ఇప్పుడు ఎర్రమట్టి దిబ్బ. ఆడవాళ్ళు దిగువ ఊరి నుంచి ట్యాంకరు తెప్పించుకుంటున్నారు. మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి ఫోటోలు తీసుకెళ్ళారు. దా షాబాన్ ఆ వైపు పోవడం మానేశాడు. నా కొట్టు ముందు నుంచి నడిచేవాడు, పలకరిస్తే పలికేవాడు. కోపం చూపించినా బాగుండేది. తిట్టించుకుంటే కొంత బరువు దిగుతుంది. ఆయన ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

ఈ ఏడాది తిమెష్రెత్‌కి పది రోజుల ముందు, మసీదు మైకులో ఇళ్ళ పేర్లు చదివారు. ఎగువ వీధి నుంచి దిగువకి చదువుతూ వస్తున్నారు. దా షాబాన్ ఇల్లు రావాల్సిన చోట దాని తర్వాతి ఇల్లు వచ్చింది. కాఫీ పోస్తున్నవాణ్ణి గిన్నె దించేసి ఫాతెహ్ దగ్గరికి పరిగెత్తాను.

"దా షాబాన్ పేరేదిరా?"

ఫాతెహ్ ఫోను చూపించాడు. "పోయినేడాది జాబితానే బాబాయ్. నూట ఎనభై ఆరు. ఆయన వద్దన్నారు కదా."

"వద్దని ఎప్పుడన్నాడు?"

"మరి మూడుసార్లు అడిగినప్పుడు ఎవరూ ఏమీ అనలేదుగా!" వాడు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మళ్ళీ రాస్తే, ఆయన వదులుకున్నదాన్ని మనం లెక్కచెయ్యనట్టు ఉండదూ? పోనీ మీరు సభలో అడగండి. మీరడిగితే రాస్తాను."

సభలో అడిగాను. ఈసారి లేచే అడిగాను. ఎవరూ కాదనలేదు. సరే ఒకసారి ఆయన్నే కనుక్కుందాం అన్నారు. కనుక్కోడానికి ఎవరు వెళ్ళాలో తేలలేదు. తేలేలోపు ఎడ్లు వచ్చేశాయి. కుప్పలు పెట్టడానికి బజారు నుంచి ఒక కసాయిని పిలిపించారు, కాటాతో సహా. గ్రాము తేడా లేదని అందరూ మెచ్చుకున్నారు.

నా వాటా తెచ్చుకుని, సగం కోసి, శుభ్రమైన గుడ్డలో కట్టుకుని దా షాబాన్ ఇంటికి వెళ్ళాను. వర్దియా తలుపు తీసింది. లోపల రేడియో మోగుతోంది. ఆయన దగ్గు వినబడింది, ఆయన మాత్రం బయటికి రాలేదు.

"ఏంటిది రబాహ్?"

"మీ వాటా వదినా."

ఆమె మూట అందుకోలేదు. మొహంలో కోపం కూడా లేదు. "మా వాటా అయితే ఊరిస్తుంది నాయనా. నువ్విస్తే అది దానం. మేమింకా దానం తీసుకునేంత దూరం రాలేదు."

"తప్పయిపోయింది వదినా."

"ఆ రోజు ఆయన మూడుసార్లు అడిగారట కదా. నువ్వక్కడే ఉన్నావట. వినబడలేదా?"

"వినబడింది" అన్నాను.

"అదే ఆయనా అన్నారు. అందరికీ వినబడిందనే అన్నారు" అని, నన్ను ఇబ్బంది పెట్టడం ఇష్టం లేనట్టు, మెల్లగా తలుపు వేసుకుంది.

ఆ మాంసం ఏం చెయ్యాలో తెలియలేదు. పారేస్తే పాపం. ఇంకొకరికి ఇస్తే ఎక్కడిదని అడుగుతారు. ఇంటికే తెచ్చాను. నా భార్య ఏమీ అడగకుండా వండింది. పిల్లలు ఆకలి మీదున్నారు. నేనూ వాళ్ళ పక్కనే కూర్చుని తిన్నాను.