ఒక్కపొద్దు నాడు సూదిమందు

కర్నూలు కొత్తగా రాజధాని అయిన ఆ కాలంలో ఊళ్లో గుడారాలకున్న గౌరవం మిద్దెలకు ఉండేది కాదు. ఏ గుడారంలో ఏ ఆఫీసు నడుస్తోందో, అందులో ఎవరు కూర్చున్నారో జనానికి సరిగ్గా తెలియదు కాబట్టి, ఖాకీ సంచి తగిలించుకుని సైకిలు మీద పోయే ప్రతివాణ్నీ ఏదో ఒక అధికారి కిందే జమకట్టేవాళ్లు. ఆ పొరపాటు వల్ల బాగుపడినవాళ్లలో నేనొకణ్ని. మాది ఎమ్మిగనూరు వైపు మగ్గాల ఇల్లు. ఇంటిమొత్తానికి ఎస్సెల్సీ గట్టెక్కిన మొదటివాణ్నని మా నాయన నన్ను మగ్గం గుంతలోకి దిగనివ్వలేదు. అందువల్ల ఏ పనీ చేతకాకుండా పెరిగిన నాకు, సైకిలు తొక్కడం వచ్చునన్న ఒక్క అర్హత మీద టీకాలు వేసే ఉద్యోగం దొరికింది. పది రోజుల శిక్షణ. అందులో ఆరు రోజులు వంకాయలకు సూది గుచ్చడం నేర్పారు. (వంకాయ కదలదు, అరవదు, ప్రశ్నలు వేయదు. మనుషులు అలా ఉండరని శిక్షణలో ఎవరూ చెప్పలేదు.)

ఆ యేడు రంజాను నెల నడి ఎండాకాలంలో వచ్చింది. తుంగభద్ర సన్నటి పాయగా మారిపోయి, ఇసుకలో చెలమలు తవ్వి కడవలు నింపుకుంటున్న రోజులు. కలరా ఊరిమీద పడేది అలాంటప్పుడే. మా పైన ఒక ఇనస్పెక్టరు ఉండేవాడు. మనిషితో మాట్లాడేంతసేపూ చేతి గడియారమే చూస్తాడని ఆయన్ను మేము గడియారం సారు అనేవాళ్లం. ఆయన నన్ను పాతూరిలోని ఒక సాయిబుల వీధికి పంపి, వారంలోగా ఆ వీధిలో చెయ్యి ఉన్న ప్రతి మనిషికీ సూది పడాలన్నాడు. వెళ్లాను. ఏ ఇంటికి పోయినా నీడలో కూర్చోబెట్టారు, తాము పచ్చి మంచినీళ్లు ముట్టకుండా నాకు చల్లటి మజ్జిగ ఇచ్చారు. చెయ్యి మాత్రం ఎవరూ ఇవ్వలేదు. సూదిమందు వేయించుకుంటే ఒక్కపొద్దు చెడుతుందేమోనని వాళ్ల అనుమానం. పొద్దు పొడవక ముందు నుంచి పొద్దు గూకేదాకా ఉమ్మి కూడా చూసి మింగేవాళ్లకు ఆ అనుమానం రావడంలో తప్పేమీ లేదు. వీధి చివర కితాబుల మౌల్సాబు ఉన్నాడు, ఆయన సరేనంటే మాకూ సరే, పోయి అడిగి రమ్మన్నారు.

కితాబుల మౌల్సాబు ఇంట్లో గోడలు కనిపించేవి కావు. నేల నుంచి దూలం దాకా పుస్తకాలు, వాటి మధ్య మిగిలిన చోటులో ఒక బక్కపలచటి ముసలాయన. కాలం తెచ్చిపెట్టిన కొత్త చిక్కులన్నీ ఆ గదిలోకే వచ్చేవి. కదిలే రైల్లో నమాజు ఏ దిక్కు తిరిగి చేయాలి, ఫోటో తీయించుకోవచ్చా, ఆడపిల్లను టీచరు ట్రైనింగుకు పంపవచ్చా అని జనం అడిగేవాళ్లు. ఆయన వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. ఒక పుస్తకం తెరిచి, అందులోంచి ఇంకో పుస్తకంలోకి పోయి, రెండు రోజుల తర్వాత తిరిగి వచ్చేవాడు. గదికీ లోపలి ఇంటికీ మధ్య ఒక నీలం పరదా. దాని వెనుక ఆయన భార్య. వీధంతా ఆమెను బూబమ్మ అనేది. ఆయన చెప్పే తీర్పుల్లో సగం ఆ పరదా దాటి వచ్చినవేనని కూడా అనేది.

మౌల్సాబు నన్ను కూర్చోబెట్టి, సూదిని చూపించమని, దూరం నుంచే చూసి, ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. "ఏమప్పా, ఈ మందు లోపల యాడికి పోతాది? కడుపులోకి పోతాదా, పోదా?"

నాకు తెలియదు. కానీ ఇరవై యేళ్ల వయసు, భుజాన ఖాకీ సంచి. తెలియదనే మాట సంచికి నప్పదనిపించింది. అందుకని చెయ్యి ఇట్లా ఊపి, ఒంట్లోకి పోయింది ఏదైనా చివరికి చేరేది కడుపులోకే కదా సాబ్ అన్నాను. బాగా తెలిసే చెబుతున్నావా అని ఆయన రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ ట్రైనింగులో చెప్పారన్నాను. (వంకాయకు కడుపు ఉంటుందో లేదో కూడా నేను ఆలోచించి ఉండలేదు.) ఆయన ఆ రోజు మాత్రం ఏ పుస్తకమూ తెరవకుండానే, అలాగైతే పగటిపూట కుదరదు, ఒక్కపొద్దు విడిచాక రమ్మన్నాడు. ఆ మాటే గడియారం సారుకు చెప్పాను. ఆయన గడియారం చూసి, అయిదు గంటల తర్వాత సర్కారు ఎవరికీ సూది వేయదన్నాడు. అలా నా ఒక్క మాటతో ఒక వీధికి వీధే మూతపడింది.

నాలుగో రోజు ఆ వీధిలోని జట్కాసాయిబును కలరా తగిలి పెద్దాసుపత్రికి మోసుకొచ్చారు. మొదటి రోజు నాకు మజ్జిగ ఇచ్చినవాళ్లలో ఆయనొకడు. ఇల్లు అద్దెకు వెతుక్కునే రోజుల్లో నన్ను ఊరంతా తిప్పి బాడుగ వద్దన్న మనిషి. ఆసుపత్రిలో కాంపౌండరన్నకు నా సంగతి చెప్పుకున్నాను. మందు కడుపులోకి పోతుందని చెప్పాననగానే ఆయన పగలబడి నవ్వాడు. అది చర్మం కింద దిగి నెత్తుట్లో కలుస్తుందని, కడుపులోకి పోయే మందైతే గ్లాసులో పోసి తాగించేవాళ్లమని, అప్పుడు నీకు జీతమిచ్చి సైకిలెక్కించడం దేనికని అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆ గోడ అవతలే జట్కాసాయిబు పడుకుని ఉన్నాడు. మొదటి రోజే సూది పడి ఉంటే ఆయనకు ఈ జబ్బు తప్పేదా అని అడిగాను. అది ఎవరూ చెప్పలేరు అన్నాడు కాంపౌండరన్న. అంత చదివినవాడు చెప్పలేను అనడం నేను వినడం అదే మొదటిసారి.

మర్నాడు మౌల్సాబు ఇంటికి పోతూ దారి పొడుగునా అబద్ధం కూర్చుకున్నాను. మద్రాసు నుంచి కొత్త రకం మందు వచ్చిందని, ఇది కడుపులోకి పోదని చెప్పేస్తే ఇద్దరి పరువూ దక్కుతుందని నా లెక్క. తీరా వెళ్లేసరికి ఆయన నా కోసం చాప మీది పుస్తకాలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టి, దుమ్ము తుడిచి, కూర్చోమన్నాడు. కూర్చున్నాక మద్రాసు మందు నోట్లోంచి రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పరదా వెనుక ఏదో దంచుతున్న చప్పుడు ఆగిపోయింది.

"నువ్వు తెల్దు అనింటే నేను ఇంగొకర్ని అడిగుందును," అన్నాడు చివరికి. "నీది చిన్న తప్పేలే అప్పా. తెలిసినోణ్ని ఎతుక్కోకుండా దోవలో దొరికినోణ్ని అడగడం, అది నాది. పెద్ద తప్పు."

(నన్ను ఓదార్చడానికే అన్నాడు. దోవలో దొరికినోడు అన్న మాట మాత్రం చాలా రోజులు నన్ను గుచ్చింది.)

ఆ మిట్టమధ్యాహ్నం, నోట చుక్క నీరు లేకుండా, గొడుగు వేసుకుని ఆయన పెద్దాసుపత్రికి నడిచి వచ్చాడు. సైకిలు వెనుక ఎక్కమంటే ఎక్కలేదు. కాంపౌండరన్నను అడిగాడు, అది చాలక డాక్టరునూ అడిగాడు. డాక్టరు మందుచీటీ వెనుక చెయ్యి బొమ్మ గీసి చూపించాడు. మౌల్సాబు జట్కాసాయిబు మంచం దగ్గర కాసేపు నిలబడి, ఆ చీటీని జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాడు. వచ్చి మళ్లీ పుస్తకాల్లోకి దిగాడు. నోటి ద్వారానో ముక్కు ద్వారానో కడుపులోకి పోయేది ఒక్కపొద్దును చెరుపుతుంది, ఇది ఆ దారిన పోవడం లేదు, అంతవరకు తేలింది. కానీ పాతవాళ్లెవరూ సూదిని చూసి ఉండరు కదా. దానికి సరిపోలిక ఒకటి కావాలి. ఒక గంట గడిచింది. నాలుగు పుస్తకాలు తెరుచుకున్నాయి. అప్పుడు పరదా వెనుక నుంచి బూబమ్మ గొంతు వినిపించింది. (మామూలుగా వాళ్లిద్దరూ ఉర్దూలో మాట్లాడుకునేవాళ్లు. ఆ రోజు నాకు కూడా అర్థం కావాలనేమో, తెలుగులో అన్నది.)

"మన పెండ్లయిన యేడు ఒక్కపొద్దులో నన్ను తేలు కుట్టలేదా? ఇసం ఒళ్లంతా పాకె. ఒక్కపొద్దుకేం గాలేదని మీరే అంటిరి. తేలుకు లేంది సూదికి యాడొచ్చె?"

మౌల్సాబు నాలుగు పుస్తకాలూ మూసి నా వైపు చూశాడు. "నలభై ఏండ్లుగా ఈ మాట ఇంట్లోనే ఉండాది. నేను కితాబుల్లో ఎతుకుతాండా," అన్నాడు.

శుక్రవారం నమాజు తర్వాత ఆయన మసీదులో జనం ముందు నిలబడ్డాడు. నేను బయట చెప్పుల దగ్గర ఉన్నాను. నా పేరు చెబుతాడేమోనని సైకిలు చేతిలోనే పట్టుకున్నాను. చెప్పలేదు. పోయిన వారం తను చెప్పింది తప్పు అన్నాడు. సరిగ్గా విచారించకుండా చెప్పానన్నాడు. సూదితో ఒక్కపొద్దు పోదు, జ్వరమొచ్చి తట్టుకోలేకపోతే ఆ పూట నీళ్లు తాగవచ్చు, పండగ అయ్యాక ఆ ఒక్క దినం తిరిగి ఉంటే చాలు, ప్రాణం కాపాడుకోవడం కూడా దేవుడి మాట వినడమే అన్నాడు. ఒక పెద్దమనిషి లేచి, వారానికో మాట చెబితే మేము ఏ మాట నమ్మాలి అని అడిగాడు. మౌల్సాబు కోప్పడలేదు. పోయిన వారం నాకు తెలియదు, ఈ వారం తెలిసింది, అని మాత్రం అన్నాడు. ఆ తర్వాత బయటికొచ్చి మెట్టు మీద కూర్చుని మొదటి చెయ్యి తనదేనంటూ చొక్కా చేతిని పైకి మడిచాడు.

చుట్టూ వంద మంది. పుల్లలాంటి ఆ చేతిని పట్టుకుని స్పిరిట్ దూదితో తుడిచాను. ఆయన మొహం పక్కకు తిప్పుకుని, నాకొక్కడికే వినపడేట్టు, "మెల్లిగా ఎయ్యప్పా. నాకు సూదంటే శానా బయం," అన్నాడు. నేనూ అంతే మెల్లగా, నాకూ భయంగానే ఉంది సాబ్, మీరే నా మొదటి మనిషి అన్నాను. ఆయన గిరుక్కున నా వైపు తిరిగాడు. అంతకు ముందు ఎవరికి వేశావన్నాడు. వంకాయలకు అన్నాను. ఆయనకు నవ్వొచ్చింది. పళ్లు లేని నోటితో, భుజాలు అదిరేట్టు నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో సూది ఎప్పుడు దిగిందో ఆయనకూ తెలియలేదు, నాకూ తెలియలేదు.

మగవాళ్లయ్యాక ఆడవాళ్లకు మౌల్సాబు ఇంట్లో ఏర్పాటు. నేను ఇటు, వాళ్లు అటు. నీలం పరదా సందులోంచి గాజుల చేతులు ఒక్కొక్కటే వచ్చేవి. మధ్యలో ఆకుపచ్చ గాజుల చెయ్యి ఒకటి రెండోసారి వచ్చింది. స్పిరిట్ వాసన కొడుతుంటే అనుమానమొచ్చి అడిగాను. అక్క తరఫున చెల్లెలు ఇంకో సూది వేయించుకోవడానికి వచ్చిందట. బూబమ్మ లోపల ఇద్దరినీ ఎడాపెడా తిట్టి, అక్క చెయ్యి తనే పట్టుకుని బయటికి చాపింది.

సాయంత్రం నాలుగున్నరకు సూదులు మరగబెట్టే స్పిరిట్ దీపం తీసుకుపోదామని మళ్లీ వెళ్తే, మౌల్సాబు జ్వరంతో మంచం మీద మూలుగుతున్నాడు. పెదవులు తెల్లగా ఎండిపోయాయి. పొద్దు గూకడానికి ఇంకా రెండు గంటల పైనే ఉంది. ఆ కాసేపు ఓర్చుకుంటానని మొండికేస్తున్నాడు. అంతలో బూబమ్మ పరదా తోసుకుని బయటికి వచ్చింది, నేనున్నానన్న పట్టింపే లేకుండా, చేతిలో నీళ్ల గ్లాసుతో. పొట్టిగా, నెరిసిన జుట్టుతో, మా అవ్వలాగే ఉంది. "జొరమొస్తే తాగొచ్చని ఊరందరికీ చెప్తిరి గదా," అన్నది. "ఆ ఊర్లో మీరు లేరా?"

ఆయన పుస్తకాల వైపు చూశాడు. అవేవీ సాయం రాలేదు. లేచి కూర్చుని, గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, చిన్నపిల్లవాడిలా గడగడా తాగాడు. ఆమె మూతి తుడిచింది. కళ్లు కూడా తుడిచింది.

జట్కాసాయిబు బతికాడు. ఆ వీధిలో ఆ యేడు ఇంకెవరూ జబ్బున పడలేదు. గడియారం సారు నన్ను మెచ్చుకుంటే నేను ఛాతీ విరుచుకుని తిరిగాను. ఆ మంచి అంతా నా సూది వల్లే జరిగిందని మనస్ఫూర్తిగా నమ్మాను కూడా. ఇప్పుడు నాకు మౌల్సాబు వయసు దాటింది. పోయిన నెల మా మనవరాలికీ నాకూ ఒక చిన్న విషయం మీద వాదన వచ్చింది. కొట్టినట్టు మాట్లాడాను. మర్నాటికే తప్పు నాదని తెలిసింది. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అది కూడా నేను చెప్పలేదు, మా ఆవిడతో చెప్పించాను. మనవరాలు నవ్వి ఊరుకుంది. నేను మాత్రం ఆ పూట వసారాలో ఒక్కణ్నే కూర్చుని, అంత మంది ముందు ఆ బక్క మనిషి నోటికి నేను చెప్పింది తప్పు అన్న మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందా అని చాలాసేపు ఆలోచించాను.