ఖైరున్నక్క చేతి గాజులు

ఖైరున్నక్క కన్నుమూసింది. ఆ వేళ జిల్లా ఆసుపత్రిలో ఆమె మంచం పక్కనే ఉన్నాను, చల్లబడిన చేతిని నా చేతుల్లోకి తీసుకున్నాను. అయినా బాన్సువాడ బజారులో గాజుల గలగల వినబడితే తల తిప్పి చూస్తూనే ఉన్నాను. మనసుకు ఈ వార్త ఇంకా అందలేదు.

ఖైరున్నిసా బేగం గాజులమ్మేది. వర్ని నుంచి జుక్కల్ దాకా ఆమె పెట్టె ఎక్కని గడప లేదు. హెచ్ఐవి గోలీలు మా ప్రాంతానికి వచ్చిన కొత్తలోనే మింగిన మనిషి. గాజులు తొడిగే నెపంతో ఆ గోలీలే మింగే మాలాంటి ఆడవాళ్ళ చేయి పట్టుకుని, ఇరుగుపొరుగుకు వినబడకుండా అడిగేది: "గోలీ ఏమంటుంది చెల్లె?" కడుపులో తిప్పుతోందంటే ముందు ఇంత రొట్టె తినమనేది. అరికాళ్ళు మండుతున్నాయంటే తానే ఆసుపత్రికి తోడు వచ్చేది. గాజు వదులైతే మనిషి చిక్కిపోతోందని పసిగట్టేది. "నీ అంతట నువ్వు మానకు. ఏమైనా అయితే దాయకు. డాక్టరు సారుకు చెప్తే మారుస్తడు," అనేది. ఆ కరుణామయి నోట మేము విన్న ఉపదేశమంతా ఇంతే.

నేను బతికి ఈ మాటలు రాస్తున్నానంటే అది ఆమె పెట్టిన భిక్ష. గోలీలు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఒళ్ళంతా ఎర్రగా పేలింది, జ్వరం కాసింది. కోస్తా నుంచి వచ్చి వర్ని దగ్గర స్థిరపడిన కుటుంబం మాది. నేను మందు వాడుతున్నట్టు మా అత్తగారికి తెలియదు. అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపమండలు కట్టి, మందూ మాకూ ముట్టకూడదని, పరాయివాళ్ళు గడప దాటకూడదని కట్టడి చేసింది.

ఆ సంగతి విని ఖైరున్నక్క వచ్చింది. చెప్పులు వాకిట్లో విడిచి, కాళ్ళు కడుక్కుని, వేపమండలకు దండం పెట్టింది. "తల్లికి పచ్చగాజులు తెచ్చిన అమ్మా," అంది. అమ్మవారికి గాజులంటే మా అత్తగారు కాదనగలదా! లోపలికి వచ్చి నా నోరు తెరిపించి చూసింది. నోరంతా పుండ్లు.

"ఇది తల్లి గాదమ్మా. మందు పడలే. ఇప్పుడే దవాఖానకు పోవాలె."

"ఏం మందు? ఎవరిచ్చారు?" అత్తగారి గొంతు లేచింది.

"నేనే ఇప్పిచ్చిన. తిట్టేదుంటే నన్ను తిట్టు. పిల్లను మాత్రం ఆటో ఎక్కనియ్యి."

మా అత్తగారు నోటికొచ్చినట్టు తిట్టింది. ఖైరున్నక్క తలవంచుకుని వింటూనే నన్ను లేవదీసింది. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేదాన్ని కానని డాక్టరుగారు చెప్పి, ఆ మందు ఆపి వేరేది ఇచ్చారు. తరువాత మా అత్తగారే గాజులు ఇంకెవరి దగ్గరా కొననని పట్టుబట్టింది.

భర్త పోయినా ఖైరున్నక్క తన చేతి గాజులు తీయలేదు. "గాజులమ్మేదాని చేతులు బోసిగుంటే ఎవలు కొంటరు?" అని నవ్వేది. ఈ మధ్య బుగ్గలు పీక్కుపోయాయి. నడుస్తూ నడుస్తూ ఆయాసంతో ఆగేది. "నీ గోలీ ఏమంటుంది అక్కా?" అని అడిగాను. "నా గోలీ మూగది," అంది. చేతికి గాజులు ఎప్పటిలాగే బిగువుగా ఉన్నాయి. ఆమె నేర్పిన గుర్తు చూసుకుని, బాగానే ఉందనుకున్నాను.

వాంతులు ఆగక పడిపోయాక ఆసుపత్రికి చేర్చాం. ఇన్నేళ్ళు కాపాడిన మందే ఇప్పుడు రక్తాన్ని విషం చేసిందని, ముందే వచ్చి ఉంటే మార్చేవాళ్ళమని డాక్టరుగారు బాధపడ్డారు. ఎందుకు దాచావని ఏడ్చాను.

"గోలీతోని నాకే గిట్లయిందని తెలిస్తే కొత్తోళ్ళు మానేస్తరు చెల్లె. ఎవలకు చెప్పకు."

ఆమె ఆఖరి మాట అదే.

తరువాత ఆసుపత్రి నర్సు ఆమె గాజులు తీసి నా చేతిలో పెట్టింది. తొడుక్కోబోతే నా వేళ్ళ దగ్గరే ఆగిపోయాయి. చిన్నపిల్లల గాజులు! చేతులు చిక్కిపోతున్నకొద్దీ చిన్న సైజుకు మార్చుకుంటూ వచ్చిందన్నమాట, మా కళ్ళకు వదులుగా కనబడకూడదని. ఆ గాజులు బడికి వెళ్ళే మా అమ్మాయి చేతికి సరిపోయాయి.

అక్కా, నీ ఆఖరి మాట నేను నిలబెట్టలేను. అందరికీ చెబుతున్నాను. గోలీ నిన్ను ఏళ్ళ తరబడి బతికించింది, దాచుకున్న బాధ చంపింది. మానవద్దు, దాయవద్దు అన్నది నువ్వే కదా! మాకు నేర్పిన ఆ రెండో మాట నీకెందుకు వర్తించలేదు? నీ లోటు పూడ్చే మనిషి మాకు లేదు. నీ పాదాలకు నమస్కరించి నీ పెట్టె నేనెత్తుకుంటున్నాను. రేపటి నుంచి ప్రతి చేయీ పట్టుకుని అడుగుతాను. బాగానే ఉందంటే మాత్రం నమ్మను. తొడుక్కున్న గాజులు తీయించి మరీ చూస్తాను.